పార్టీ ముందా, పనివాడు ముందా: ఆటోనమిస్ట్ మార్క్సిజం ఏ దేశంలో ఎలా మారింది

1974లో ఇటలీలోని ట్యూరిన్ నగరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫ్యాక్టరీలకు వెళ్లే బస్సుల్లో చార్జీలు పెంచారు. కార్మికులు రాస్తారోకో చేయలేదు, వినతిపత్రం పట్టుకుని ఎవరి చుట్టూ తిరగలేదు. మామూలుగానే బస్సెక్కి పాత చార్జీయే ఇచ్చారు. ఆ డబ్బు వసూలు చేసింది ఫ్యాక్టరీలో తాము ఎన్నుకున్న ప్రతినిధులు. టికెట్లు రాసిచ్చిందీ వాళ్లే. కొన్నాళ్లకు ఇదే పద్ధతి కరెంటు బిల్లులకూ పాకింది. పెద్ద పరిశ్రమలకు యూనిట్ చవకగా ఇస్తూ ఇళ్ల దగ్గర ఎక్కువ గుంజుతున్నారు కాబట్టి సగమే కడతాం అన్నారు, సగమే కట్టారు. ఇటాలియన్‌లో దీన్ని 'ఆటోరిదుత్సియోనే' అన్నారు. అంటే ధర తగ్గించమని ఎవరినీ అడగకుండా మనమే తగ్గించుకోవడం.

ఆటోనమిస్ట్ మార్క్సిజం గురించి చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ బస్సు టికెట్టే. ఆ పేరు వినగానే ఆటో యూనియన్ వ్యవహారమా అని అడిగిన మిత్రుడు ఒకడున్నాడు. అతన్ని తప్పుపట్టలేం, పేరు అలాంటిది. పైగా రకరకాల వాటికి ఈ పేరు తగిలిస్తారు. నల్ల ముసుగులేసుకుని పోలీసులతో తలపడే జర్మన్ కుర్రాళ్లకు, మెక్సికో అడవుల్లోని జపాటిస్టా ఆదివాసీ తిరుగుబాటుదారులకు, ఇంటిపనికి జీతం అడిగిన స్త్రీలకు, డెలివరీ యాప్‌లపై సమ్మె కట్టేవాళ్లకు కూడా. వీళ్లందరినీ నిజంగా ఒకే ఆలోచన కలిపిందా, లేక పైకి ఒకేలా కనిపిస్తున్నారా?

ఎవరి నుంచి స్వతంత్రం?

'ఆటోనమీ' అంటే స్వయంప్రతిపత్తి. మన పత్రికల్లో ఆ మాట యూనివర్సిటీలకో, రాష్ట్రాల హక్కులకో వాడతారు. ఇక్కడ స్వయంప్రతిపత్తి కావలసింది కార్మిక వర్గానికి. మొదట పెట్టుబడి నుంచి. లాభాలు పెరిగితేనే జీతం పెరగాలి, కంపెనీ బాగుంటేనే మనం బాగుంటాం అనే లెక్కను ఒప్పుకోకపోవడం. తర్వాత పార్టీ నుంచి, యూనియన్ నుంచి. కార్మికుల తరఫున మాట్లాడతామనే సంస్థలు కార్మికుల కన్నా వెనకబడి ఉండొచ్చని అనుమానించడం. మూడోది కొంచెం ఆలస్యంగా వచ్చింది. కార్మిక వర్గం లోపలే ఒక భాగం ఇంకో భాగం మీద ఆధారపడకుండా పోరాడే హక్కు. 'ముందు విప్లవం, తర్వాత మీ సంగతి చూద్దాం' అనే మగ నాయకులకు స్త్రీలు చెప్పిన జవాబు అది. వలస కార్మికులు, నల్లజాతివాళ్లు కూడా అదే జవాబిచ్చారు.

మార్క్సిస్టులు కానివాళ్లు కూడా ఇందులో కొంత చెప్పగలరు. రాజ్యాధికారమే వద్దనే అనార్కిస్టులు ఎప్పటినుంచో చెబుతున్నారు. తేడా ఎక్కడంటే, వీళ్లు మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథాన్ని వదల్లేదు. అదనపు విలువ (కార్మికుడి శ్రమలో జీతం పోగా యజమానికి మిగిలేది), పనిదినం, యంత్రం గురించిన అధ్యాయాలను కింది నుంచి, పనివాడి వైపు నుంచి మళ్లీ చదివారు.

ఈ పేరు కూడా వెనక్కి తిరిగి చూసి పెట్టిందే. టెక్సస్ యూనివర్సిటీలో అర్థశాస్త్రం చెప్పిన హ్యారీ క్లీవర్ 1970ల చివర్లో అమెరికా, ఫ్రాన్స్, ఇటలీల్లో చెదురుమదురుగా ఉన్న గుంపులను ఒక సంప్రదాయంగా గుదిగుచ్చి చూపించాడు. అంతకుముందు ఇటలీలో వాళ్లను 'ఒపెరాయిజ్మో' వాళ్లనేవారు. 'ఒపెరాయో' అంటే కార్మికుడు.

బల్ల తిప్పేసిన సంవత్సరాలు

1961లో ట్యూరిన్‌లో 'క్వాదెర్ని రోస్సి' అనే పత్రిక మొదలైంది. ఎర్ర నోటు పుస్తకాలు అని అర్థం. మొదలుపెట్టిన రనియేరో పాంజియేరి సోషలిస్టు పార్టీలో పెద్ద పదవుల్లో పనిచేసి విసిగిపోయినవాడు. ఆయన చుట్టూ మారియో ట్రోంటి, టోనీ నెగ్రి, రొమానో ఆల్క్వాతి లాంటి కుర్రవాళ్లు చేరారు. అప్పటికి ఇటలీలో కమ్యూనిస్టు పార్టీకి లక్షల మంది సభ్యులున్నారు. ఫియట్ ఫ్యాక్టరీలో మాత్రం సమ్మె అనే మాట దాదాపు చచ్చిపోయింది. కార్మికుడు టీవీకి, చిన్న కారుకు అమ్ముడుపోయాడని వామపక్షంలో చాలామంది తేల్చేశారు.

నిజంగా అమ్ముడుపోయాడా? ఆ మాట వెళ్లి కార్మికుడినే అడుగుదాం అన్నారు వీళ్లు. ఇదీ వాళ్ల మొదటి పద్ధతి, నా దృష్టిలో వాళ్లు మిగిల్చిన అసలు ఆస్తి కూడా ఇదే. దాన్ని 'కార్మిక విచారణ' అంటారు. ఆలోచన మార్క్స్‌దే. 1880లో ఆయన ఒక ఫ్రెంచి పత్రిక కోసం సుమారు వంద ప్రశ్నలతో ఒక జాబితా తయారుచేశాడు. మీ పనిగంటలెన్ని, యంత్రాల దగ్గర ప్రమాదాలు జరుగుతాయా, జీతం ఎన్నాళ్లకు ఇస్తారు, ఇలాంటివి. జవాబులు పెద్దగా రాలేదు. ఆ పద్ధతి అమెరికాలో మళ్లీ ప్రాణం పోసుకుంది. ట్రినిడాడ్ నుంచి వచ్చిన సీఎల్ఆర్ జేమ్స్, రాయా దునయెవ్‌స్కాయా, గ్రేస్ లీల చిన్న గుంపు 1947లో ఒక కార్ల ఫ్యాక్టరీ కార్మికుడి చేత తన రోజువారీ పని గురించి రాయించి అచ్చేసింది. అది ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇటాలియన్‌లోకి వెళ్లింది. కాబట్టి 'ఇటలీలో పుట్టిన సిద్ధాంతం' అనే మాట సగమే నిజం.

ఆల్క్వాతి ఫియట్‌లోనూ, ఇవ్రేయా పట్టణంలోని ఒలివెట్టి టైప్‌రైటర్ల ఫ్యాక్టరీలోనూ కార్మికులతో మాట్లాడాడు. ఆయనకు కనిపించింది లొంగిపోయిన మనిషి కాదు. సాంకేతిక చదువు చదివి, పెద్ద ఆశలతో వచ్చి, రోజంతా ఒకే పని తిప్పితిప్పి చేస్తున్న కుర్రవాడు. లోపల మండిపోతున్నాడు, యూనియన్ మీటింగుకు మాత్రం రావడం లేదు. ఇక్కడ గొడవ రాబోతోందని ఈ బృందం అంచనా వేసింది. 1962 జులైలో ఒక యూనియన్ ఫియట్‌తో విడిగా ఒప్పందం చేసుకుందని తెలిసి, కార్మికులు ట్యూరిన్ పియాత్సా స్టాటూటో కూడలిలో ఉన్న ఆ యూనియన్ ఆఫీసునే ముట్టడించారు. మూడు రోజులు పోలీసులతో వీధి పోరాటం జరిగింది. రెచ్చగొట్టేవాళ్ల పని అని కమ్యూనిస్టు పార్టీ పత్రికలు రాశాయి. వచ్చినవాళ్లలో చాలామంది మామూలు కార్మికులే అని 'క్వాదెర్ని రోస్సి' కుర్రాళ్లకు తెలుసు. ఈ విషయం మీద పత్రిక లోపలే చీలిక వచ్చింది.

ట్రోంటి 1964లో దీన్నంతా ఒక వాదనగా కుదించాడు. మనం ఇంతకాలం పెట్టుబడి ముందు కదులుతుంది, కార్మికుడు వెనక స్పందిస్తాడు అనుకున్నాం. తిప్పి చూడండి అన్నాడు. కార్మికుల పోరాటమే ముందు, దాన్ని అణచడానికో, తప్పించుకోవడానికో పెట్టుబడి కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు తెస్తుంది. ఉదాహరణకు, ఒక నైపుణ్యం ఉన్న ఫిట్టర్ పని ఆపితే ఫ్యాక్టరీ ఆగిపోతోంది. యజమాని ఆ పనిని పది ముక్కలు చేసి, ఎవరైనా వారంలో నేర్చుకునేలా లైను పెడతాడు. ఇది టెక్నాలజీ దానంతటది ముందుకు పోవడం కాదు, ఫిట్టర్ బలానికి జవాబు. అయితే అదే లైను మీద ఇప్పుడు వేలమంది ఒకే రకం పని, ఒకే రకం విసుగుతో నిలబడ్డారు. వాళ్ల బలం వేరే రూపంలో ఉంటుంది. ఈ మార్పునే 'వర్గ కూర్పు' అంటారు. ఏ కాలంలో ఏ రకం పనివాడు, ఏ పని పద్ధతిలో, ఎవరితో కలిసి ఉన్నాడో తెలియకుండా ఏ సంస్థ నిర్మాణమూ చెల్లదని దీని సారం.

ఎక్కిళ్ల సమ్మె: ఒక చిన్న లెక్క

1969లో ఆ లైను కార్మికుల బలం బయటపడింది. ట్యూరిన్‌లోని ఫియట్ మిరాఫియోరి ఫ్యాక్టరీలో 50 వేలకు పైగా కార్మికులు. వాళ్లలో పెద్ద భాగం దక్షిణ ఇటలీ పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లు, ఊళ్లో అద్దె గది కూడా దొరకనివాళ్లు. 'మాకు అన్నీ కావాలి' అనేది నినాదం. ఆ ఏడాదిని ఇటలీలో 'వేడి శరత్కాలం' అంటారు.

వాళ్లు వాడిన ఆయుధాల్లో రెండింటి పేర్లు భలేగా ఉంటాయి. ఎక్కిళ్ల సమ్మె (కాసేపు ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపడం), చదరంగం గళ్ల సమ్మె (ఒక్కో విభాగం ఒక్కోసారి ఆపడం). ఎందుకు పనిచేశాయో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒకదాని తర్వాత ఒకటిగా ఎనిమిది విభాగాలున్న లైను, ఎనిమిది గంటల షిఫ్టు అనుకోండి. మామూలు సమ్మెలో అందరూ ఒక గంట పని ఆపితే ప్రతి కార్మికుడికీ గంట జీతం పోతుంది, కంపెనీకి గంట ఉత్పత్తి పోతుంది. అలా కాకుండా మొదటి గంట ప్రెస్సు విభాగం, రెండో గంట వెల్డింగ్, మూడో గంట పెయింటింగ్, ఇలా వంతులవారీగా ఆపితే? ఒక్కో కార్మికుడికి పోయేది అదే గంట జీతం. లైనులో మాత్రం ఎప్పుడూ ఎక్కడో ఒక గొలుసు తెగే ఉంటుంది. కంపెనీకి పోయేది దాదాపు షిఫ్టంతా.

ఈ లెక్క పుస్తకాల్లోంచి రాదు. ఏ విభాగం ఆగితే ఎన్ని నిమిషాల్లో పక్క విభాగం ఖాళీ అవుతుందో అక్కడ నిలబడినవాడికే తెలుసు. విచారణ ఎందుకన్న ప్రశ్నకు ఇదే జవాబు. దీనికి హద్దులూ ఉన్నాయి. కంపెనీ విభాగాల మధ్య సరుకు నిల్వ పెంచితే ఎక్కిళ్లు ఆగిపోతాయి. పనిలేదంటూ మిగతావాళ్లను జీతం లేకుండా ఇంటికి పంపిస్తే కార్మికులే ఒకరితో ఒకరు తగాదా పడతారు. ఫియట్ ఈ రెండో పని చాలాసార్లు చేసింది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఆ ఏడాది పోరాటాలను ఒపెరాయిజ్మో మేధావులు నడిపించారని అనుకుంటే పొరపాటు. వాళ్లు గేటు దగ్గర కరపత్రాలు పంచారు, వాళ్ల నినాదాల్లో కొన్నింటిని కార్మికులు అందుకున్నారు. లక్షలాది కార్మికుల జీతాల ఒప్పందాలు చివరికి చేసింది యూనియన్లే. 1970 మేలో వచ్చిన కార్మిక హక్కుల చట్టం కూడా ఆ ఒత్తిడిలోనే పుట్టింది. మొదట చెప్పిన బస్సు టికెట్ల కథలోనూ ట్యూరిన్ యూనియన్లు కార్మికులకు అండగా నిలిచాయి. 'యూనియన్ ఇటు, స్వతంత్ర కార్మికుడు అటు' అనే గీత నిజ జీవితంలో అంత నిటారుగా లేదు.

ఫ్యాక్టరీ గోడ అవతల వంటిల్లు

ట్రోంటి మరో మాట కూడా అన్నాడు. పెట్టుబడి ముదిరేకొద్దీ ఊరు మొత్తం ఫ్యాక్టరీకి పొడిగింపు అవుతుందని. దీన్ని 'సామాజిక కర్మాగారం' అంటారు. ఆయన ఆ మాట అనేసి వదిలేశాడు. దాన్ని పట్టుకుని చివరిదాకా లాగింది స్త్రీలు.

1972లో ఇటలీలోని పదువా నగరంలో మరియారోజా దల్లా కోస్టా, న్యూయార్క్‌లో పెరిగి లండన్‌లో ఉంటున్న సెల్మా జేమ్స్, సిల్వియా ఫెదెరీచి, బ్రిజిట్ గాల్టియే కలిసి 'ఇంటిపనికి జీతం' ఉద్యమం మొదలుపెట్టారు. సెల్మా సీఎల్ఆర్ జేమ్స్ భార్య, ఆయన గుంపులో పదిహేనేళ్ల వయసు నుంచే పనిచేసినామె. అంటే అమెరికా పాయ, ఇటలీ పాయ ఒక వంటింట్లో కలిశాయి.

వాదన ఇది. ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు పనిచేసే మనిషి మర్నాడు మళ్లీ రావాలంటే ఎవరో వండాలి, ఉతకాలి, పిల్లల్ని సాకాలి. రేపటి కార్మికుడిని కనాలి. ఈ పనికి జీతం లేదు కాబట్టి ఇది పనిలాగే కనిపించదు, ప్రేమలా కనిపిస్తుంది. జీతం అడగడం వెనక ఉద్దేశం నెలకింత ఇప్పించడం ఒక్కటే కాదు. ఇది పనే అని అందరి చేతా ఒప్పించడం, ఒప్పించాక దాన్ని కాదనే హక్కు సంపాదించడం. 'పని తిరస్కరణ' అనే ఒపెరాయిజ్మో నినాదం ఇక్కడ వంటింట్లోకి వచ్చింది.

వామపక్షంలోంచే గట్టి విమర్శలొచ్చాయి. జీతమిస్తే స్త్రీని వంటింటికి శాశ్వతంగా కట్టేసినట్టు కాదా? 1981లో నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ మరో కోణం చూపించింది. అమెరికాలో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా ఇతరుల ఇళ్లలో జీతానికే ఇంటిపని చేస్తున్నారు, ఆ జీతం వాళ్లకు విముక్తి తేలేదు కదా అని. అదే ఉద్యమంలో ఉన్న నల్లజాతి స్త్రీలు మార్గరెట్ ప్రెస్కాడ్, విల్మెట్ బ్రౌన్ దీనికి భిన్నంగా ఆలోచించారు. ప్రభుత్వ సాయం మీద బతికే తల్లులను సోమరులనే దేశంలో, అది సాయం కాదు, బకాయి జీతం అని చెప్పడానికి ఈ నినాదమే పనికొచ్చిందన్నారు. నాకైతే రెండు మాటల్లోనూ బలం కనిపిస్తుంది.

మన దగ్గర ఈ లెక్క ఒక వింత దారిలో కోర్టుకెక్కింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కేసులో 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, గృహిణి శ్రమకు విలువ కట్టడం గురించి జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా ఒక అభిప్రాయం రాశారు. దేశంలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు జీతం లేని ఇంటిపనికి వెచ్చిస్తున్నారన్న 2019 ప్రభుత్వ సర్వే అంకెలు అందులో ఉన్నాయి. 299 నిమిషాలంటే ఒక నిమిషం తక్కువ ఐదు గంటలు. ఆమె బతికుండగా ఎవరూ కట్టని విలువ, పోయాక బీమా లెక్కలో కడుతున్నారు. అలాగని దీన్ని పదువా స్త్రీల వారసత్వం అనేయడం తొందరపాటే. ప్రమాద పరిహారం చట్టానికి దాని దారి దానికుంది. తమిళనాడు 2023లో గృహిణులకు నెలకు రూ. 1,000 ఇస్తూ ఆ పథకానికి 'హక్కు మొత్తం' అని అర్థం వచ్చే పేరు పెట్టింది. మాట దగ్గరగా ఉంది. సంక్షేమ పథకమా, జీతమా అన్న తేడా మాత్రం అలాగే ఉంది. జీతమైతే ఇచ్చేవాడితో బేరమాడొచ్చు.

1977, 1979: రేడియో, తుపాకీ, జైలు

1973 నాటికి ఒపెరాయిజ్మో వాళ్ల 'పొతేరే ఒపెరాయో' (కార్మిక శక్తి) అనే సంస్థ రద్దయింది. దాని స్థానంలో 'అవుతోనోమియా' అనే పేరుతో ఊరూరా రకరకాల గుంపులు పుట్టాయి. వీటికి కేంద్ర కమిటీ లేదు. విద్యార్థులు, నిరుద్యోగులు, తాత్కాలిక ఉద్యోగులు ఎక్కువ. బొలోన్యాలో 1976 మొదట్లో వచ్చిన రేడియో ఆలిస్ ఈ కాలానికి మంచి నమూనా. ఎవరు ఫోన్ చేసినా వడపోత లేకుండా నేరుగా ప్రసారంలో పెట్టేవారు. 1977 మార్చి 11న ఆ ఊళ్లో పోలీసు కాల్పుల్లో ఫ్రాంచెస్కో లోరుస్సో అనే విద్యార్థి చనిపోయాడు. మర్నాడు పోలీసులు స్టేషన్ తలుపులు పగలగొడుతుంటే ఆ చప్పుడు కూడా ప్రసారమైంది. ఆ నగరపాలన కమ్యూనిస్టు పార్టీది కావడం ఆ రోజుల్లోని చేదు.

ఇదే కాలంలో రెడ్ బ్రిగేడ్స్ అనే వామపక్ష సంస్థ తుపాకీ పట్టింది. 1978లో మాజీ ప్రధాని ఆల్డో మోరోను ఎత్తుకెళ్లి చంపింది. ఈ రెండింటినీ కలిపేయడం చాలామంది చేసే పొరపాటు. రెడ్ బ్రిగేడ్స్ రహస్య సైనిక నిర్మాణం. అవుతోనోమియాకు అలాంటి నిర్మాణమే పడదు. అలాగని అవుతోనోమియా చేతులు శుభ్రం అనడమూ అబద్ధమే. అందులో ఆయుధాలు పట్టిన చిన్న గుంపులున్నాయి, కాల్పులు జరిగాయి. 1979 ఏప్రిల్ 7న పదువా ప్రాసిక్యూటర్ నెగ్రిని, మరెందరినో అరెస్టు చేయించాడు. రెడ్ బ్రిగేడ్స్ వెనకున్న మెదడు నెగ్రియే అన్నది మొదటి ఆరోపణ. మోరో హత్యతో ముడిపెట్టిన ఆరోపణలు నిలవలేదు, వేరే కేసుల్లో మాత్రం శిక్ష పడింది. విచారణ కోసం ఏళ్ల తరబడి జైల్లో ఉంచడాన్ని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తప్పుపట్టింది. 1983లో జైలు నుంచే ఎంపీగా గెలిచి బయటికొచ్చిన నెగ్రి ఫ్రాన్స్ పారిపోయాడు. 1997లో తిరిగొచ్చి మిగిలిన శిక్ష అనుభవించాడు. ఆయన 2023 డిసెంబర్‌లో పారిస్‌లో చనిపోయాడు. ట్రోంటి అంతకు నాలుగు నెలల ముందు పోయాడు.

ఫ్యాక్టరీలోనూ ఆట ముగిసింది. 1980 శరత్కాలంలో ఫియట్ 14 వేల మందికి పైగా తీసేస్తామంది. 35 రోజులు గేట్లు మూసి కూర్చున్న కార్మికులకు ఎదురుగా, అక్టోబర్ 14న మేస్త్రీలు, ఆఫీసు ఉద్యోగులు పని కావాలంటూ ఊరేగింపు తీశారు. యూనియన్లు దిగొచ్చాయి.

జర్మనీకి పేరు వెళ్లింది, మెక్సికో నుంచి పాఠం వచ్చింది

జర్మనీలో ఒపెరాయిజ్మో రచనలు 1970ల్లోనే చదివారు. 1973 ఆగస్టులో కొలోన్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో, సెలవుల నుంచి ఆలస్యంగా తిరిగొచ్చిన టర్కీ కార్మికులను తీసేసినందుకు, యూనియన్ అనుమతి లేకుండా వారం రోజుల సమ్మె జరిగినప్పుడు, వలస కార్మికుడి గురించి ఇటలీవాళ్లు చెప్పింది కళ్ల ముందు కనిపించింది. అయితే 1980ల్లో 'ఆటోనోమెన్' అన్న పేరుతో పేరుపొందినవాళ్లు వేరు. ఖాళీ ఇళ్లు ఆక్రమించడం, అణు విద్యుత్ కేంద్రాలను అడ్డుకోవడం, బెర్లిన్, హాంబర్గ్ వీధుల్లో పోలీసులతో తలపడటం వాళ్ల లోకం. ఇటలీ నుంచి వాళ్లు పేరు తీసుకున్నారు, ఫ్యాక్టరీని అక్కడే వదిలేశారు. ఫ్యాక్టరీని పట్టుకున్న చిన్న పాయ 'వైల్డ్‌క్యాట్' పత్రిక చుట్టూ మిగిలింది.

మెక్సికోలో బాణం దిశే మారింది. 1994 జనవరి 1న, ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజే, దక్షిణాన ఉన్న చియాపస్ రాష్ట్రంలో జపాటిస్టాలు పట్టణాలు ఆక్రమించారు. వాళ్ల మూలాలు వెతికితే చే గెవారా ఛాయలున్న పాత గెరిల్లా సంస్థ, బిషప్ సామ్యూల్ రూయిజ్ కాలపు క్రైస్తవ విముక్తి బోధన, మాయా ఊళ్ల గ్రామసభలు కనిపిస్తాయి. ట్యూరిన్ కనిపించదు. క్లీవర్ వాళ్ల వార్తలను ఈమెయిళ్లలో ప్రపంచమంతా చేరేసినవాళ్లలో ఒకడు. మెక్సికోలోని ప్యూబ్లాలో ఉంటున్న సిద్ధాంతకర్త జాన్ హాలోవే వాళ్లను చూసి, ప్రభుత్వాధికారం చేజిక్కించుకోకుండా ప్రపంచాన్ని మార్చడం గురించి 2002లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకం చదివినవాళ్లు హాలోవే ప్రభావంతో జపాటిస్టాలు పుట్టారన్నట్టు మాట్లాడటం నేను విన్నాను. బిడ్డ తల్లిని కన్నట్టుంది.

అర్జెంటీనా కథలో రెండు దిశలూ ఉన్నాయి. 1990ల్లో ఫ్యాక్టరీలు మూతపడి, ఉద్యోగం పోయినవాడు సమ్మె చేయడానికి చోటే లేకుండా పోయింది. వాళ్లు రోడ్లు మూసేయడం మొదలుపెట్టారు. ఊరంతా ఫ్యాక్టరీ అయితే, హైవేయే దాని లైను. దాన్ని ఆపితే సరుకు ఆగుతుంది. ఈ 'పికెటేరో' ఉద్యమం ఏ పుస్తకం చదివీ పుట్టలేదు. 2001 డిసెంబర్‌లో 'అందరూ పోవాలి' అన్న నినాదంతో జనం వీధుల్లోకి వచ్చి, అధ్యక్షుడు హెలికాప్టర్‌లో వెళ్లిపోయాక, కొలెక్తీవో సితువాసియోనెస్ అనే పరిశోధక బృందం బ్యూనస్ ఎయిర్స్ శివారు సొలానోలోని నిరుద్యోగుల సంఘంతో కలిసి కూర్చుని విచారణ చేసింది, కలిసి పుస్తకం రాసింది. ఆల్క్వాతి పద్ధతి అక్కడ మళ్లీ చిగురేసింది. 2003 తర్వాత కొత్త ప్రభుత్వం సంక్షేమ పథకాలతో, పదవులతో చాలా సంఘాలను తనలో కలిపేసుకుంది. వద్దన్న సంఘాలు చిన్నవై మిగిలాయి.

ఎదుటివాళ్లు ఏమంటారు?

విప్లవాన్ని పార్టీయే నడపాలనే లెనినిస్టుల ప్రశ్న సూటిగా ఉంటుంది. అర్జెంటీనాలో జనం అందరినీ పొమ్మన్నారు, సరే, తర్వాత కుర్చీలో కూర్చున్నదెవరు? పోరాటాలు వస్తాయి, పోతాయి, అనుభవాన్ని దాచిపెట్టి తర్వాతి తరానికి అందించడానికి ఒక నిర్మాణం కావాలి. సాయుధ పోరాటం నుంచి నక్సల్బరీ దాకా పార్టీ చుట్టూ తిరిగిన తెలుగు వామపక్షానికి ఈ ప్రశ్న చాలా సహజంగా తోస్తుంది. మన దగ్గర ఈ ధోరణి వేళ్లూనకపోవడానికి అదొక కారణమని నా అంచనా. ఆటోనమిస్టుల జవాబు, ఆ పార్టీలు దాచిపెట్టిన అనుభవం ఎవరిదో, అధికారం వచ్చాక కార్మికులకు ఏం చేశాయో చూడండి అని. ఇక్కడ ఆసక్తికరమైన సంగతి, ట్రోంటి తానే కమ్యూనిస్టు పార్టీ వైపు తిరిగి వెళ్లాడు. రాజకీయాలకు తమదైన తర్కం ఉంటుందన్నాడు, 1992లో సెనేటర్ అయ్యాడు.

రెండో విమర్శ తర్కం గురించి. పెట్టుబడి చేసే ప్రతి పనీ కార్మికుల పోరాటానికి జవాబే అంటే, తప్పని రుజువు చేయడానికి వీల్లేని మాట అవుతుంది. కంపెనీల మధ్య పోటీ, చమురు ధరలు, యుద్ధాలు ఎక్కడికి పోయాయి? మూడోది లోపలి నుంచే వచ్చింది. నెగ్రి, మైకేల్ హార్ట్ కలిసి 2000లో వెలువరించిన పుస్తకం తర్వాత 'జనసమూహం' అనే మాట ప్రపంచమంతా వినిపించింది. అందులో ప్రోగ్రామరూ, కూలీ, నర్సూ అందరూ ఉన్నారు. పాత మిత్రులు కొందరికి అది నచ్చలేదు. వర్గ కూర్పును ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి పరిశీలించడం మానేసి, బల్ల దగ్గర కూర్చుని ఊహిస్తున్నారన్నారు. నేను ఈ విమర్శకే ఎక్కువ మార్కులు వేస్తాను.

సైకిలు మీద విచారణ

2016 ఆగస్టులో లండన్‌లో ఇళ్లకు భోజనం చేరవేసే డెలివరూ కంపెనీ రైడర్లు పని ఆపారు. అప్పటిదాకా గంటకు 7 పౌండ్లు, దానిపైన ఆర్డరుకు 1 పౌండు వచ్చేది. కొత్త పద్ధతిలో గంట జీతం తీసేసి ఆర్డరుకు 3.75 పౌండ్లు అన్నారు. గంటకు మూడు ఆర్డర్లొస్తే పాత లెక్కలో 10 పౌండ్లు, కొత్త లెక్కలో 11.25. లాభమే. రెండొస్తే 9, 7.50. ఒక్కటే వస్తే 8, 3.75. అంటే బేరం లేని గంట నష్టం ఇన్నాళ్లూ కంపెనీది, ఇకపై రైడర్‌ది. యూనియన్ లేదు, మేనేజర్ కనిపించడు. కానీ ఆర్డర్ల కోసం ఆగే చోట రైడర్లందరూ రోజూ కలుస్తారు. వాట్సాప్ గ్రూపులున్నాయి. సమ్మె అక్కడి నుంచే పుట్టింది, చిన్న యూనియన్ ఒకటి వచ్చి కలిసింది, కొత్త పద్ధతిని బలవంతంగా రుద్దడం ఆగింది. బ్రిటన్‌లో ఈ రంగాన్ని లోపలినుంచి చూసి రాసినవాళ్లలో కొందరు ఒపెరాయిజ్మోను పేరుపెట్టి గుర్తుచేసుకున్నారు. ఇది పోలిక కాదు, ప్రభావమే.

పోలిక వేరు, ప్రభావం వేరు

ఈ తేడా మన దేశంలో ఇంకా జాగ్రత్తగా చూడాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఊరూరా పాకింది. పార్టీలు వెనక వచ్చాయి. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. 2015 సెప్టెంబర్‌లో కేరళ మున్నార్‌లో తేయాకు తోటల తమిళ స్త్రీలు బోనస్ తగ్గించినందుకు రోడ్డెక్కి, తమ యూనియన్ నాయకులనే దగ్గరికి రానీయలేదు. 2016 ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్ స్త్రీలు పీఎఫ్ డబ్బు తీసుకునే నిబంధన మార్చినందుకు ఏ యూనియన్ పిలుపూ లేకుండా హైవే మూసేశారు, రెండో రోజుకు కేంద్రం వెనక్కి తగ్గింది. ఇవన్నీ అచ్చం ట్రోంటి చెప్పినట్టే ఉన్నాయి. ఆయన పేరు మాత్రం వాళ్లలో ఎవరికీ తెలియనక్కర్లేదు. మున్నార్ స్త్రీలు తర్వాత 'పెంబిళై ఒరుమై' పేరుతో సంఘం పెట్టుకుని ఎన్నికల్లోనూ నిలబడ్డారు, తర్వాత చీలిపోయారు.

నిజమైన సంబంధం ఉన్నది హర్యానాలో. ఫరీదాబాద్‌లో 1982 నుంచి 'మజ్దూర్ సమాచార్' అనే హిందీ పత్రిక వచ్చేది. షిఫ్టు మారే వేళ రోడ్డు పక్కన నిలబడి ఊరికే పంచేవారు. అందులో ఉపన్యాసాలు తక్కువ. ఫలానా ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్‌కు సింగిల్ రేటే ఇస్తున్నారు, ఫలానా చోట నెల జీతం ఇరవయ్యో తారీఖు దాటినా రాలేదు, ఇలా కార్మికులు చెప్పిన మాటలే ఎక్కువ. నడిపినవాళ్లు లెనినిస్టు రాజకీయాల నుంచి తమ అనుభవంతో తామే ఈ దారికి వచ్చారు, తర్వాత జర్మనీ వైల్డ్‌క్యాట్ మిత్రులతో పరిచయమైంది. ఆ మిత్రుల్లో కొందరు 2000ల చివర్లో గుర్‌గావ్ కార్మికుల గురించి ఇంగ్లిష్‌లో వార్తాపత్రం నడిపారు. 2011లో మానేసర్ మారుతీ కార్మికులు ఫ్యాక్టరీ లోపలే 13 రోజులు కూర్చున్నప్పుడు బయటి ప్రపంచానికి వివరాలు చేరవేసిన దారుల్లో అదొకటి.

2014లో ఇలాంటి పరిచయాలున్న కొందరు లండన్ పశ్చిమాన గ్రీన్‌ఫర్డ్‌కు చేరారు. అక్కడ సూపర్‌మార్కెట్ల గిడ్డంగులు, రెడీమేడ్ భోజనం ప్యాక్ చేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి. పనివాళ్లలో పంజాబీలు, గుజరాతీలు, తూర్పు యూరప్ వాళ్లు. వీళ్లూ ఆ గిడ్డంగుల్లోనే పనికి చేరి, ఒక చిన్న పత్రిక అచ్చేసి, షిఫ్టు మారే వేళ గేటు బయట చలిలో నిలబడి, ఫరీదాబాద్‌లో పంచినట్టే చేతికి ఇచ్చారు.